వైరస్ భయంతో ఉబ్బసం ఇన్‌హేలర్ మానవచ్చా?

మీ ప్రశ్నలో నాలుగు విషయాలు కలిసి ఉన్నాయి. చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉన్న మీరు, రోజూ రెండు పూటలా పీల్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వల్ల రోగనిరోధక శక్తి తగ్గి వైరస్ సులువుగా పట్టుకుంటుందని ఎవరో చెప్పగా విని, మూడు వారాల క్రితం దాన్ని మానేశారు. అప్పటి నుంచి రాత్రిళ్లు దగ్గుతో మెలకువ వస్తోందని, ఆయాసం వచ్చినప్పుడు పీల్చే నీలం రంగు రిలీవర్‌ను దాదాపు రోజూ వాడవలసి వస్తోందని రాశారు. మాస్కు పెట్టుకుంటే ఊపిరాడనట్లుందన్నారు. ఇంట్లో నెబ్యులైజర్, ఆక్సీమీటర్ కొనాలా అని, ఉబ్బసం ఉన్న మీ ఏడేళ్ల అమ్మాయి విషయంలో ఏం జాగ్రత్త పడాలని కూడా అడిగారు. ఊపిరితిత్తుల వైద్యుడిగా 2009 నాటి స్వైన్ ఫ్లూ కాలాన్నీ, 2020లో మొదలైన కోవిడ్ కాలాన్నీ ఇటువంటి రోగుల మధ్యే గడిపినవాణ్ణి కనుక ముఖ్యమైన మాట ముందే చెబుతాను: మానేసిన ఆ ఇన్‌హేలర్‌ను మీ వైద్యులు రాసిచ్చిన మోతాదులోనే ఈ రాత్రి నుంచి మళ్లీ మొదలుపెట్టండి. మిగతా ప్రశ్నలన్నీ దీని తర్వాతివే.

ఎందుకంటే ఉబ్బసంలో ఆయాసం పైకి కనిపించే లక్షణం మాత్రమే. అసలు జబ్బు శ్వాసనాళాల లోపలి పొరలో నిత్యం ఉండే వాపు. ఆయాసం లేని రోజుల్లో కూడా ఆ వాపు కొంత ఉంటూనే ఉంటుంది. అలా వాచి, చీటికీ మాటికీ బిగుసుకుపోవడానికి సిద్ధంగా ఉన్న గొట్టాల్లోకి వైరస్ ప్రవేశిస్తే, మామూలు మనిషికి నాలుగు రోజుల జలుబుగా పోయేది ఉబ్బసం రోగికి ఆసుపత్రి దాకా తీసుకుపోయే ఎటాక్‌గా మారవచ్చు. మహమ్మారి లేని సంవత్సరాల్లో కూడా, ముఖ్యంగా పిల్లల్లో, ఉబ్బసం ఎటాక్‌లకు అన్నిటికంటే పెద్ద కారణం సాధారణ జలుబు కలిగించే రైనోవైరస్ వంటివే. పీల్చే స్టెరాయిడ్ చేసే పని ఆ వాపును అణచి ఉంచడం. దాన్ని ఆపేస్తే మందు ప్రభావం ఒక్క రోజులో పోదు. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో క్రమంగా తగ్గుతుంది. అందుకే మానేసిన మొదటి వారంలో ఏమీ కాలేదనిపిస్తుంది, ఆ తర్వాత రాత్రి దగ్గు మొదలవుతుంది. మీకు జరిగింది అదే.

ఉబ్బసం ఉన్నవారందరికీ వైరస్ ముప్పు ఎక్కువా అన్న సందేహానికి, ఉబ్బసం అదుపులో ఉందా లేదా అన్నదాన్ని బట్టి సమాధానం మారుతుంది. 2009 ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారిలో ఆసుపత్రి పాలైనవారిలో ముందు నుంచీ ఉన్న జబ్బుల్లో ఉబ్బసం చాలా తరచుగా కనిపించింది. అయితే అలా చేరిన ఉబ్బసం రోగుల్లో అప్పటికే పీల్చే స్టెరాయిడ్ వాడుతున్నవారికి పరిస్థితి విషమించడం తక్కువగా ఉందని బ్రిటన్ రోగుల పరిశీలనలో తేలింది. కోవిడ్ మొదటి సంవత్సరంలోనే బ్రిటన్‌లో కోటీ డెబ్బై లక్షల మందికి పైగా వయోజనుల వైద్య రికార్డులను విశ్లేషించారు. ఇటీవలి కాలంలో స్టెరాయిడ్ మాత్రలు మింగవలసిన అవసరం రాని ఉబ్బసం రోగుల్లో మరణ ముప్పు మిగతా జనంతో దాదాపు సమానంగానే ఉంది. మాత్రలు అవసరమైనవారిలో మాత్రం అది కొంత పెరిగింది. మాత్రల అవసరం రావడమంటే ఉబ్బసం తీవ్రంగా ఉందనో, అదుపు తప్పిందనో అర్థం. కాబట్టి ఉబ్బసం ఉన్నందుకు భయపడవలసిన పని లేదు. దాన్ని అదుపు తప్పనిస్తేనే ప్రమాదం, అదుపులో ఉంచుకోవడం చాలావరకు మీ చేతిలో ఉన్న పని.

స్టెరాయిడ్ గురించిన మీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. అది చాలామందిలో ఉన్న భయం, దానికి కొంత ఆధారం కూడా ఉంది. పెద్ద మోతాదులో ఎక్కువ కాలం మింగే స్టెరాయిడ్ మాత్రలు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి, చక్కెర, రక్తపోటు పెంచుతాయి, ఎముకలను బలహీనపరుస్తాయి. కానీ ఇన్‌హేలర్‌లో మందు పరిమాణం వేరు. పెద్దవారికి ఎటాక్ సమయంలో ఇచ్చే ప్రెడ్నిసొలోన్ మాత్రలు రోజుకు 40 నుంచి 50 మిల్లీగ్రాములు. బ్యుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తక్కువ మోతాదంటే రోజుకు 200 నుంచి 400 మైక్రోగ్రాములు. ఆ రెండు మందుల బలంలో తేడాలున్నా, బరువులో ఒకటి రెండోదానికి వంద రెట్లకు తక్కువ కాదు. పైగా ఇన్‌హేలర్ మందు నేరుగా వాపు ఉన్న చోటికే వెళుతుంది, రక్తంలోకి చేరేది స్వల్పం. దాని వల్ల సాధారణంగా వచ్చే ఇబ్బంది గొంతు బొంగురు పోవడం, నోట్లో తెల్లటి పూత ఏర్పడడం. ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం వాడి, పీల్చిన ప్రతిసారీ నీటితో పుక్కిలించి ఉమ్మేస్తే ఇవి చాలావరకు రావు. కోవిడ్ కాలంలో బ్యుడెసొనైడ్ పీల్పించిన కొందరు తొందరగా కోలుకున్నారని 2021లో బ్రిటన్ నుంచి ఫలితాలు వచ్చాయి. వేరే ఇన్‌హేలర్ స్టెరాయిడ్లతో తర్వాత జరిగిన ప్రయోగాల్లో ఆ మేలు స్పష్టంగా కనబడలేదు కనుక ఉబ్బసం లేనివారు వాడాలని నేను చెప్పను. కానీ వైరస్ సోకినవారికి ఆ ఇన్‌హేలర్ చేటు చేస్తుందన్న భయానికి మాత్రం ఆ ఫలితాల్లో ఆధారం దొరకలేదు.

ఇదే సందర్భంలో మరో హెచ్చరిక కూడా అవసరం. కొందరు ఇన్‌హేలర్‌కు భయపడి మానేసి, వైరస్ సోకగానే దుకాణంలో స్టెరాయిడ్ మాత్రలు కొని మింగుతారు. ఇది పూర్తిగా తలకిందుల పని. 2020 జూన్‌లో వెలువడిన, బ్రిటన్‌లో జరిగిన ‘రికవరీ’ అనే ప్రయోగం ఫలితాల్లో, ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులకు రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి ఏ మేలూ చేయలేదు. ఉబ్బసం ఎటాక్ వచ్చినప్పుడు స్టెరాయిడ్ మాత్రలు కచ్చితంగా కావాలి, వైరస్ ఉందని వాటిని వాయిదా వేయకూడదు. కానీ ఆ నిర్ణయం మీ ఆయాసాన్ని చూసి వైద్యులు తీసుకోవాలి, లేదా వారు ముందే రాసిచ్చిన ప్రణాళికలో అది ఉండాలి. ఇప్పటికే చాలా కాలంగా మాత్రలు వాడుతున్నవారెవరైనా ఉంటే, వారు కూడా వాటిని ఒక్కసారిగా ఆపకూడదు. శరీరం సొంతంగా తయారుచేసుకునే స్టెరాయిడ్ అప్పటికి తగ్గిపోయి ఉంటుంది కనుక అలా ఆపడం ప్రాణాంతకం కావచ్చు.

ఇన్‌హేలర్ మళ్లీ మొదలుపెట్టాక మందు సరైన చోటికి చేరుతోందా అన్నది చూడాలి. నా గదిలోకి వచ్చిన రోగిని నేను మొదట అడిగేది ఇన్‌హేలర్ తీసి నా ముందు ఒకసారి వాడి చూపమని. ఏళ్ల తరబడి వాడుతున్నవారిలో కూడా చాలామందికి మీట నొక్కగానే పెదవుల మూల నుంచి తెల్లటి పొగ బయటికి వస్తుంది; ఆ పొగే మందు, అది గాలిలో కలిసిపోయింది. ఇంకొందరు లోపలి గాలి వదలకుండానే పీలుస్తారు, అప్పటికే నిండిన ఊపిరితిత్తుల్లో మందుకు చోటుండదు. మీటనొక్కే ఇన్‌హేలర్ అయితే మూత తీసి, బాగా కుదిపి, స్పేసర్‌కు అమర్చి, నిదానంగా ఊపిరి పూర్తిగా వదిలి, స్పేసర్ మూతిని పెదవులతో గట్టిగా మూసి, ఒక్కసారి మాత్రమే నొక్కి, మూడు నుంచి ఐదు సెకన్ల పాటు మెల్లగా లోతుగా పీల్చి, పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. అలా బిగబట్టలేనివారు, పిల్లలు, స్పేసర్‌లోనే ఐదారు సార్లు మామూలుగా ఊపిరి తీసి వదిలితే చాలు. రెండో పఫ్‌కు మళ్లీ కుదిపి, మళ్లీ మొదటి నుంచి చేయాలి. రెండు పఫ్‌లు ఒకేసారి నొక్కితే మందు స్పేసర్ గోడలకే అంటుకుంటుంది. పొడి ఇన్‌హేలర్‌కు స్పేసర్ అవసరం లేదు. దాన్ని మెల్లగా కాక, బలంగా వేగంగా పీల్చాలి. స్పేసర్‌ను సబ్బు నీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వండి. తుడిస్తే ప్లాస్టిక్‌పై స్థిర విద్యుత్తు పుట్టి మందును గోడలకు లాక్కుంటుంది. మహమ్మారి రోజుల్లో మీ స్పేసర్, మీ ఇన్‌హేలర్ మీవే. తల్లీబిడ్డలైనా ఒకరిది ఒకరు వాడవద్దు.

నీలం రంగు రిలీవర్‌లో సాధారణంగా ఉండేది సాల్బుటమాల్. అది బిగుసుకున్న కండరాన్ని కొన్ని గంటలు సడలిస్తుంది తప్ప వాపును ముట్టుకోదు. వెంటనే హాయినిస్తుంది కనుక మనసు దానివైపే మొగ్గుతుంది. వారంలో రెండు సార్లకు మించి అది కావలసి వస్తోందంటే ఉబ్బసం అదుపులో లేదని గుర్తు. ఏడాదిలో 200 పఫ్‌ల సాల్బుటమాల్ డబ్బాలు మూడు లేక అంతకు మించి ఖాళీ చేసేవారికి ఎటాక్‌ల ముప్పు, పన్నెండు లేక అంతకు మించితే మరణ ముప్పు పెరుగుతాయని ఉబ్బసంపై అంతర్జాతీయ మార్గదర్శకాలు రూపొందించే సంస్థ ‘గినా’ హెచ్చరిస్తోంది. పెద్దవారు, కౌమార వయసువారు స్టెరాయిడ్ లేకుండా కేవలం సాల్బుటమాల్‌తో నెట్టుకురావడం మంచిది కాదని ఆ సంస్థ 2019లోనే తేల్చి చెప్పింది. స్టెరాయిడ్, శ్వాసనాళాలను సడలించే ఫార్మొటెరాల్ కలిసిన ఒకే ఇన్‌హేలర్‌ను రోజువారీ మందుగానూ, ఆయాసం వచ్చినప్పుడు రిలీవర్‌గానూ వాడే పద్ధతి ఉంది. జలుబు ముదిరి మీరు ఎక్కువ పఫ్‌లు తీసుకున్నప్పుడల్లా వాపు తగ్గించే మందు కూడా తనంతట తానే పెరుగుతుంది కాబట్టి, వైరస్‌ల కాలానికి ఈ పద్ధతి ఎంతో అనువైనదని నా అభిప్రాయం. మీకు కుదురుతుందేమో మీ వైద్యులను అడగండి. అదే కోవకు చెందిన సాల్మెటెరాల్ కలిసిన ఇన్‌హేలర్‌ను మాత్రం ఇలా రిలీవర్‌గా వాడకూడదు.

నెబ్యులైజర్ కొనవద్దు. మందును తుంపరగా మార్చి గదిలోకి వదిలే ఆ యంత్రం, రోగికి వైరస్ ఉంటే దాన్ని కూడా పక్కవారికి మోసుకుపోవచ్చన్న ఆందోళనతో కోవిడ్ కాలంలో వీలైనంతవరకు దాన్ని పక్కన పెట్టమన్నారు. అంతకంటే ముఖ్యమైన సంగతి, అతి తీవ్రం కాని ఎటాక్‌లలో స్పేసర్ ద్వారా తగినన్ని పఫ్‌లు ఇస్తే నెబ్యులైజర్‌తో సమానంగానే పనిచేస్తుంది. ఆ డబ్బుతో స్పేసర్, ఊపిరి వదిలే వేగాన్ని కొలిచే పీక్ ఫ్లో మీటర్ కొనుక్కోండి. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో రెండు వారాల పాటు ఊది, మీ అత్యుత్తమ అంకెను రాసి పెట్టుకోండి. తర్వాత ఎప్పుడైనా అది ఆ అంకెలో 80 శాతానికి దిగువకు వస్తే ప్రణాళిక ప్రకారం మందు పెంచాలి, 50 శాతానికి దిగువకు పడితే ఆసుపత్రికి వెళ్లాలి.

వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ ఉండవచ్చు, కానీ దాన్ని ఎలా చదవాలో తెలిసి ఉండాలి. కోవిడ్ వంటి న్యుమోనియాలో మనిషికి పెద్దగా ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ పడిపోవచ్చు, అక్కడ ఆ పరికరం నిజంగా కాపాడుతుంది. ఉబ్బసంలో తరచుగా దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది: ఛాతీ బిగదీసి, మాట పూర్తి చేయలేని స్థితిలో కూడా అంకె చాలాసేపు మామూలుగానే ఉండి, ప్రమాదం ముదిరాక పడిపోతుంది. కాబట్టి 96 కనిపిస్తోంది కదా అని తీవ్రమైన ఆయాసంతో ఇంట్లో కూర్చోవద్దు. విశ్రాంతిగా ఉన్నప్పుడు 94 లేదా అంతకు తక్కువ వస్తే వైద్యులకు ఫోన్ చేయాలి, 92 లేదా అంతకు తక్కువైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గోళ్ల రంగు, చల్లబడిన వేళ్లు అంకెను తప్పుగా చూపుతాయి. నల్లని చర్మం ఉన్నవారిలో అసలుకంటే కొంచెం ఎక్కువగా చూపే అవకాశం ఉంది కనుక ఒక అంకె కంటే, గంట గంటకూ అది దిగుతోందా అన్నదే చూడండి.

జ్వరం, ఒళ్లు నొప్పులు, గొంతు నొప్పి, వాసన తెలియకపోవడం వైరస్ వైపు చూపుతాయి. పిల్లికూతలు, ఛాతీ బిగుతు, తెల్లవారుజామున ఎక్కువై రిలీవర్‌తో తగ్గే దగ్గు ఉబ్బసం వైపు చూపుతాయి. అయితే రెండూ కలిసి రావడం సాధారణం కాబట్టి ఏదో ఒకటి తేల్చుకునే దాకా ఆగవద్దు. పరీక్ష చేయించుకుంటూనే ఉబ్బసం ప్రణాళికను అమలు చేయాలి. ఆ ప్రణాళిక కాగితం మీద ఉండాలి. రోజువారీ మోతాదు ఎంత, లక్షణాలు పెరిగితే ఎంతకు పెంచాలి, స్టెరాయిడ్ మాత్రలు ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి మీ వైద్యులతో రాయించుకుని ఇంట్లో అందరికీ కనిపించే చోట అతికించండి. వైద్యుల దగ్గరికి వెళ్లడం కష్టమైన రోజుల్లో ఫోన్‌లోనైనా ఇది రాయించుకోవచ్చు.

తీవ్రమైన ఎటాక్‌లో నిటారుగా కూర్చుని, సాల్బుటమాల్ స్పేసర్ ద్వారా ఒక్కొక్క పఫ్ చొప్పున, అర నిమిషం నుంచి నిమిషం వ్యవధితో, అవసరమైతే పది పఫ్‌ల దాకా తీసుకోండి. తగ్గకపోతే అంబులెన్స్‌ను పిలిచి, అది వచ్చేలోగా మళ్లీ అలాగే చేయండి. ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోవడం, పెదవులు నీలి రంగుకు తిరగడం, మగతగా లేదా అయోమయంగా ఉండడం, రిలీవర్ ప్రభావం నాలుగు గంటలైనా నిలవకపోవడం, వీటిలో ఏది కనిపించినా వైరస్ భయంతో ఆసుపత్రిని తప్పించుకోకండి. కోవిడ్ మొదటి నెలల్లో ఆ భయంతో ఇంట్లోనే ఉండిపోయి, చివరి ఘడియల్లో వచ్చినవారిని చూశాను. మీ విషయంలో అలా జరగకూడదనే ఇంత నొక్కి చెబుతున్నాను.

మీ అమ్మాయి తన ఆయాసాన్ని మాటల్లో చెప్పలేకపోవచ్చు. చొక్కా పైకెత్తి చూడండి. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతున్నా, గొంతు కింద గుంట పడుతున్నా, ముక్కుపుటాలు ఎగురుతున్నా, ఆటలు మాని ఒకచోట ముడుచుకు కూర్చున్నా ఆలస్యం చేయవద్దు. పిల్లికూతలు ఒక్కసారిగా ఆగిపోయి పిల్ల నీరసించిపోతే అది తగ్గడం కాదు, గాలి కదలిక పడిపోయిందని అర్థం. ఆమె రోజువారీ ఇన్‌హేలర్ కూడా మీరు ఆపి ఉంటే, దాన్ని కూడా ఈ రోజే మొదలుపెట్టండి.

జ్వరానికి పారాసిటమాల్ వాడండి. ఉబ్బసం ఉన్న పెద్దవారిలో కొద్దిమందికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు తీవ్రమైన ఎటాక్ తెప్పిస్తాయి, గతంలో వాటితో ఇబ్బంది పడినవారు వాటి జోలికి వెళ్లరాదు. యాంటీబయాటిక్స్ వైరస్‌పై పనిచేయవు. కోవిడ్‌కు రిటొనవిర్ కలిసిన యాంటీవైరల్ మాత్రలు రాస్తే, మీ ఇన్‌హేలర్ పేరు ఆ వైద్యులకు తప్పక చెప్పండి. రిటొనవిర్ కొన్ని ఇన్‌హేలర్ మందులు శరీరంలో పేరుకునేలా చేస్తుంది. ముఖ్యంగా సాల్మెటెరాల్, విలాంటెరాల్ ఉన్నవాటిని ఆ కొద్ది రోజులకు ఫార్మొటెరాల్ ఉన్న ఇన్‌హేలర్‌తో మార్చడం క్షేమం. ఆ కారణంతో మీరే ఇన్‌హేలర్ ఆపేయడం మాత్రం వద్దు. తీవ్రమైన ఉబ్బసానికి ఒమాలిజుమాబ్, మెపోలిజుమాబ్ వంటి ఇంజెక్షన్లు వాడేవారు వాటిని కొనసాగించవచ్చు.

మాస్కు వల్ల ఆక్సిజన్ తగ్గదు. ఊపిరి వేడిగా తగలడంతో ఉక్కిరిబిక్కిరిగా అనిపించడం నిజమే, అయితే మందు మానేసిన మూడు వారాల్లోనే మీకు అలా మొదలైందని గమనించండి. అదుపు తిరిగి వచ్చాక చాలామందికి ఆ ఇబ్బంది తగ్గుతుంది. ఇంట్లో బ్లీచింగ్ ద్రావణాలు, క్రిమిసంహారక స్ప్రేలు అతిగా చల్లడం కోవిడ్ రోజుల్లో ఎందరికో ఆయాసం తెచ్చింది. చేతులకు సబ్బు, గచ్చుకు సబ్బు నీళ్లు చాలు. బ్లీచ్ తప్పనిసరైతే ఇతరులు వాడాలి, మీరు, అమ్మాయి వేరే గదిలో కిటికీలు తెరుచుకుని ఉండాలి, దాన్ని ఆమ్లంతో గానీ అమోనియా ఉన్న ద్రావణంతో గానీ ఎన్నడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. పొగ తాగేవారు ఇంట్లో ఉంటే ఇంట్లో తాగకూడదు, ఇందులో సర్దుబాటు లేదు. ఫ్లూ టీకా ఏటా, కోవిడ్ టీకా మీ వయసుకు సూచించిన మేరకు వేయించుకోండి. టీకాలోని పదార్థానికి గతంలో తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే తప్ప ఉబ్బసం వాటికి అడ్డు కాదు.

ఒక నెలకు సరిపడా మందు అదనంగా ఇంట్లో ఉంచండి, అంతకు మించి కూడబెట్టవద్దు. 2020లో కొన్ని దేశాల్లో సాల్బుటమాల్‌కు కొరత వచ్చింది. డబ్బాను చెవి దగ్గర ఊపి మందు ఉందనుకోకండి, మందు అయిపోయాక కూడా లోపలి వాయువు చప్పుడు చేస్తుంది. లెక్కింపు అంకె చూడండి, అది లేని డబ్బా అయితే మొదలుపెట్టిన తేదీ దానిపై రాయండి.

స్టెరాయిడ్ మోతాదు తగ్గించుకోవాలని మీకు ఉంటే, అది తప్పు కాదు. ఉబ్బసం మూడు నెలల పాటు బాగా అదుపులో ఉంటే, వైరస్ ఉధృతి లేని కాలం చూసుకుని, వైద్యుల పర్యవేక్షణలో పావు వంతు నుంచి సగం వరకు తగ్గించి చూడవచ్చు. ఇప్పుడు మాత్రం ఆ సమయం కాదు. రాత్రి దగ్గు వారంలోగా తగ్గుముఖం పట్టకపోతే, లేదా ఈలోగా రిలీవర్ వాడకం ఇంకా పెరిగితే, మీ వైద్యులను కలిసి మూడు వారాలు మందు మానిన సంగతి దాచకుండా చెప్పండి. అది తెలియకపోతే వారు మందు పనిచేయలేదనుకుని, మీకు అవసరం లేని పెద్ద మోతాదు రాసే ప్రమాదం ఉంది.